బొమ్మల్లేని పుస్తకం

మా ఊరు కొత్తచెరువు. పేరులోనే చెరువుంది గానీ, ఏడాది మొత్తమ్మీద సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఈ సీమలో నిండిన చెరువును చూడడం మా పిల్లలకు పండుగతో సమానం. ఒకప్పుడు అనంతపురం జిల్లా. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. చెనిక్కాయ పంటను నమ్ముకుని నిలబడలేక బెంగుళూరు బస్సెక్కినవాళ్ళు మా వీధిలో చాలామందే ఉన్నారు. వారిలో నేనూ ఒకణ్ణి. సోమవారం తెల్లవారకముందే వెళ్ళి, శుక్రవారం రాత్రి ఇల్లు చేరతాను.

పాపకు ఐదేళ్ళు నిండవస్తున్నాయి. బాబుకు మూడున్నర. ఇద్దరికీ పడుకునేముందు పుస్తకం కావాలి. ఆ అలవాటు చేసింది నేనే కనుక, ఇప్పుడు కాదనే హక్కు నాకు లేదు. ప్రథమ్ బుక్స్ వారివి, తూలిక వారివి, మంచి పుస్తకం వారివి బొమ్మల పుస్తకాలు ఇంట్లో ఓ పాతిక దాకా ఉన్నాయి. పుటకు రెండు వాక్యాలు, మిగిలినదంతా బొమ్మ. నేను అక్షరాలు చదువుతుంటే వాళ్ళు బొమ్మను చదువుతారు. నిద్రమత్తులో ఒక పుట ఎగరేస్తే ఇద్దరూ ఒకేసారి నా చెయ్యి పట్టుకుంటారు.

చిక్కంతా సోమవారం నుంచి గురువారం దాకా. బెంగుళూరు గదిలో కూర్చుని, ఫోను కెమెరాకు ఎదురుగా పుస్తకం పట్టుకుని చదివేవాణ్ణి. మా ఇంట్లో సిగ్నలు వంటగది కిటికీ దగ్గర బాగుంటుంది, పడకగదిలో ఉండదు. కథలో ఏనుగు చెరువులో దిగేసరికి తెరమీద బొమ్మ గడ్డకట్టుకుపోయేది. "ఏనుగు కదలడం ల్యా నాయనా" అనేది పాప. బొమ్మ ఆగిపోయినా నా మాట మాత్రం వినిపిస్తూనే ఉండేది. అలా కొన్ని రాత్రులు గడిచాక నాకు తోచింది: మాట ఒక్కటే చేరుతున్నప్పుడు, మాట ఒక్కటే చాలిన పుస్తకం ఎందుకు చదవకూడదు?

బొమ్మల పుస్తకం నుంచి అధ్యాయాల పుస్తకానికి మేము మారిన వైనం ఇది. ఇందులో శిశు మనస్తత్వశాస్త్రమేమీ లేదు. సిగ్నలు లేకపోవడమే ఉంది.

మొదటి ప్రయత్నం ఘోరంగా విఫలమయింది. నా చిన్నతనపు మమకారం కొద్దీ, చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన ధారావాహికల్లో ఒకటి ఎత్తుకున్నాను. మేము నెలంతా ఎదురుచూసి చదివినవి, వీళ్ళకు రాత్రికొక భాగం చొప్పున దక్కుతాయి కదా అని నా సంబరం. పాప బాగానే విన్నది. బాబు మాత్రం మూడోరాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేచి ఏడ్చాడు. వాడు బొమ్మల పుస్తకాల్లో ఎన్నో రాక్షసులను చూసి నవ్వినవాడే. తరువాత ఆలోచిస్తే అర్థమయింది. బొమ్మలో ఉన్న రాక్షసుడికి అంచులుంటాయి. కాగితం ఎంతో వాడూ అంతే. మాటల్లోంచి వచ్చిన రాక్షసుడికి అంచులుండవు. పిల్లవాడి భయం ఎంతో వాడూ అంతవుతాడు. మేము ఆ ధారావాహికలు చదివేనాటికి ఎనిమిదేళ్ళవాళ్ళం. పైగా చందమామలో బొమ్మలు ఉండేవి. ఆ సంగతే మరచిపోయాను.

రెండో ప్రయత్నంగా 'రైలుబడి' తీశాను. మీలో చాలామంది చదివే ఉంటారు. తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడిని గురించి జపానులో 1981లో ప్రచురించిన 'టోటోచాన్'కు తెలుగు. ఒక బడిలోంచి పంపించివేసిన అల్లరిపిల్ల, పాత రైలుపెట్టెలే తరగతి గదులుగా ఉన్న మరో బడిలో చేరుతుంది. అధ్యాయాలు చిన్నవి. చాలావాటిని పది నిమిషాలలోపు చదివేయవచ్చు. రాక్షసులు లేరు.

'అధ్యాయం' అన్నమాట పిల్లలకు పట్టుబడలేదు. నాకు కాశీమజిలీ కథలు గుర్తొచ్చాయి. మధిర సుబ్బన్న దీక్షితులు గారి మణిసిద్ధుడు, కాశీకి నడిచే దారిలో ప్రతి మజిలీలోనూ గోపకుమారుడికొక కథ చెబుతాడు కదా. ఆ ఏర్పాటునే అరువు తెచ్చుకుని, "రాత్రికొక మజిలీ" అన్నాను. అంతే, ఆ మాట స్థిరపడిపోయింది.

మొదటి వారం బాబు "బొమ్మ యాడ?" అని అడుగుతూనే ఉన్నాడు. ఒక్కొక్కసారి లేచి వెళ్ళిపోయేవాడు. నేను బలవంతపెట్టలేదు. శనివారం, ఆదివారం వాడికోసం బొమ్మల పుస్తకాలే చదివాను, ఇప్పటికీ చదువుతున్నాను. వాడిని కథలోకి లాగింది ఒక ట్రాక్టరు. బడికి కొత్త రైలుపెట్టె వస్తుంది. పట్టాలు లేనిచోటికి అదెలా వస్తుందో చూడాలని పిల్లలంతా రాత్రి బడిలోనే పడుకుంటారు. చివరికి దాన్ని ఒక ట్రాక్టరు లాక్కొస్తుంది. ట్రాక్టరంటే మావాడికి తెలియనిదేముంది? "మన ఊరి ట్రాక్టరేనా నాయనా?" అన్నాడు. అవునన్నాను. ఆ రాత్రి నుంచి వాడు లేచి వెళ్ళలేదు.

అప్పుడు గమనించాను. బొమ్మలు లేకపోయేసరికి, పిల్లలు తమ ఊరినే తెచ్చి కథలో పెట్టుకుంటున్నారు. మా ఊరి పక్కన 2000లో ప్రారంభమైన ప్రశాంతి నిలయం రైల్వేస్టేషను ఉంది. టోటోచాన్ బడి వాళ్ళ మనసులో ఆ స్టేషనులోనే నడుస్తోంది. పిల్లలు ఈదిన కొలను, విజయనగర కాలం నాటి బుక్కపట్నం చెరువు. ఆ బడిలో ప్రధానోపాధ్యాయుడు కొబయాషి, ప్రతి పిల్లా మధ్యాహ్నం డబ్బాలో సముద్రానిది కొంత, కొండదొకటి తెచ్చుకోవాలంటాడు. మరునాడు అంగన్‌వాడీకి వెళ్ళేముందు మా పాప అదే కావాలని మొండికేసింది. కొండకేం, మాకు కరువు లేదు. సముద్రమే సమస్య. మా అమ్మ కాసేపు ఆలోచించి, "ఉప్పు యాడ్నుంచి వస్తాదే? సముద్రం నుంచే కదా. నీ అన్నంలో ఉంది పో" అన్నదట. ఏ చిత్రకారుడూ ఇవ్వలేని సముద్రం అది.

మా అమ్మ సంగతి చెప్పాలి. ఆమెకు చదువు రాదు. కళ్ళల్లో శుక్లాలు. బొమ్మల పుస్తకం చదివేటప్పుడు ఆమె ఆ మూల మంచం మీద ఉండిపోయేది. అది ఆమె కందని వ్యవహారం. బొమ్మలు పోగానే ఆమె కూడా పిల్లలతో సమానమైపోయింది. ఫోను మధ్యలో పెట్టుకుని ముగ్గురూ వినేవాళ్ళు. మరునాడు రాత్రి, "నిన్న యాడిదాకా వచ్చింటిమి?" అని నేనడిగితే, పిల్లలు తడబడినచోట ఆమె అందుకునేది.

కొబయాషి, కొత్తగా చేరవచ్చిన టోటోచాన్ మాటలను నాలుగు గంటల పాటు కూర్చుని వింటాడు. ఆ మజిలీ అయిన రాత్రి పాప ఫోనులో అడిగింది: "నువ్వు నాలుగు గంటలు వింటావా నాయనా?" వింటానన్నాను. పక్క గదివాళ్ళు తలుపు కొట్టారు, మరునాడు ఉదయం ఆరింటికి నేను పనిలో ఉండాలి. ఇరవై నిమిషాలకే "ఇంక పడుకో తల్లీ" అన్నాను. ఆ లెక్క నాకింకా బాకీగానే ఉంది.

అసలు విషయానికి వస్తాను.

ఆ పుస్తకంలో యాసువాకిచాన్ అనే పిల్లవాడుంటాడు. పోలియో వల్ల చేతులూ కాళ్ళూ సరిగా లేనివాడు. టోటోచాన్ నానా తంటాలూ పడి అతణ్ణి తన చెట్టెక్కిస్తుంది. ఆ అధ్యాయాన్ని మా పిల్లలు మూడుసార్లు చదివించుకున్నారు. మా వేపచెట్టు కింద బాబును యాసువాకిచాన్‌ను చేసి, అక్క నిచ్చెన వేసింది కూడా. పుస్తకం చివరికి వస్తుండగా ఆ పిల్లవాడు చనిపోతాడు. చనిపోవడానికి ముందు టోటోచాన్‌కు ఒక పుస్తకం చదువుకొమ్మని ఇచ్చి ఉంటాడు.

నేను ఆ అధ్యాయం దాటవేశాను. ఎవరైనా అదే చేస్తారనుకున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు, నూటయాభై కిలోమీటర్ల అవతల ఉన్న పిల్లలకు, ఫోనులో ఒక చావు చదివి, 'శుభరాత్రి' చెప్పి పెట్టేయడమా?

బొమ్మల పుస్తకంలో ఒక పుట ఎగరేస్తే చేతులు పట్టుకున్నవాళ్ళు, ఫోనులో నా చేతులు పట్టుకోలేరు. దొరకననుకున్నాను. రెండు రాత్రులు గడిచాయి. మూడోరాత్రి పాప, "యాసువాకిచాన్ బడికి రావడంల్యా. జ్వరమొచ్చిందా?" అని అడిగింది. ఊరికి పోయాడన్నాను. అవతల నిశ్శబ్దం. తరువాత అమ్మ గొంతు: "నువ్వు దాటేసినావంటే, ఆ పిల్లోడు పోయినట్టేలే."

నాకు చాలా కోపం వచ్చింది. ఫోను పెట్టేశాక మళ్ళీ చేసి అమ్మను అడిగాను, పసిపిల్లల ముందు ఆ మాట ఎందుకన్నావని. ఆమె తన చిన్నప్పటి తోలుబొమ్మలాటల గురించి చెప్పింది. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట ఆ ఆటకు పేరుపడ్డ ఊరు; అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆట తెల్లవార్లూ సాగేదట. లక్ష్మణమూర్ఛ వచ్చినప్పుడు చంటిపిల్లలు కూడా ఒళ్ళో మేలుకునే ఉండేవాళ్ళట. "ఎవరూ పిల్లోళ్ళను లేపి ఇంటికి తోలలేదు. ఏడ్సేవాళ్ళు అమ్మ ఒళ్ళోనే ఏడ్సిరి. నువ్వు ఒళ్ళోకి తీసుకోకుండా దాటేసినావు, అదీ తప్పు" అన్నది.

ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. బొమ్మల పుస్తకం ఏ రాత్రికారాత్రి ముగిసిపోతుంది. అందులోని ఏనుగు రేపు ఏమవుతుందని ఎవరూ అడగరు. అధ్యాయాల పుస్తకంలోని మనిషి అట్లా కాదు. రెండు నెలలు రోజూ ఇంటికి వస్తాడు, పిల్లల మధ్య కూర్చుంటాడు, వాళ్ళ వేపచెట్టు ఎక్కుతాడు. అటువంటివాడు రావడం మానేస్తే ఎందుకు రాలేదో చెప్పాలి. పిల్లలను పొడవైన కథలోకి తీసుకువెళ్ళినవాడు తలకెత్తుకునే బాధ్యత అది. వాళ్ళకు ఓపిక, ఊహ పెరుగుతాయా అని ఆలోచించాను గానీ, నాకు ఏం పెరగాలో ఆలోచించలేదు.

శుక్రవారం ఇంటికి వచ్చాను. శనివారం రాత్రి ఇద్దరినీ చెరో తొడమీద కూర్చోబెట్టుకుని, దాటవేసిన అధ్యాయం చదివాను. "నిజంగానే ఒకటి దాటేశాను" అని ముందే ఒప్పుకున్నాను. బాబు సగంలో నిద్రపోయాడు. పాప ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాలాసేపు నా చొక్కా గుండీ తిప్పుతూ కూర్చుని, చివరికి అడిగింది:

"మరి ఆ పుస్తకం ఎవరికి తిరిగిస్తుంది నాయనా?"

టోటోచాన్‌కు కూడా ఆ ఆలోచనే వస్తుంది. ఇవ్వడానికి ఎవరూ లేరు, తనే దాచుకుంటుందని చెప్పాను. మూల మంచం మీద అమ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడయింది. పాప లేచి, మంచందాకా వెళ్ళి, "అవ్వా, ఏడిస్తే నాయన ఒళ్ళోకి రా" అంది.

తరువాత పాప పడుకోలేదు. తన అంగన్‌వాడీ గురించి, వేపచెట్టు మీది తొండ గురించి చెబుతూ పోయింది. నేను గడియారం చూడలేదు. నాలుగు గంటలు కాలేదు గానీ, తానే మాట మధ్యలో నిద్రపోయింది.

చివరి మజిలీ ఇంకా మిగిలి ఉంది. 1945లో బాంబుదాడిలో ఆ రైలుపెట్టెల బడి తగలబడిపోతుంది. కొబయాషి ఆ మంటలను చూస్తూనే, తరువాత ఎలాంటి బడి కట్టాలా అని కొడుకుతో మాట్లాడతాడు. దాన్ని ఫోనులో చదవను. వచ్చే శనివారం, ఇంట్లో, ఒళ్ళో కూర్చోబెట్టుకునే చదువుతాను.