అనుమతి ఎంతవరకు

ఇంగ్లీషు ఓడ గ్లోబ్ 1611లో నిజాంపట్నం రేవుకు వచ్చింది. అది గోల్కొండ రాజ్యంలోని రేవు. అక్కడ వ్యాపారం చేయాలంటే అనుమతి ఉండాలి. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషువారికి ఇచ్చిన బంగారు ఫర్మానాలో ఆ అనుమతికి లెక్క కట్టారు: ఏటా 500 పగోడాల సుంకం, గోల్కొండ రేవుల్లో వ్యాపారం. ఎవరికి, దేనికి, ఎంతకు అన్నవి కాగితం మీద తేలిపోయాయి. నేటి ఫైర్‌వాల్‌ను స్క్రిప్టుతో పలకరించేటప్పుడు తేలవలసినవీ అవే.

స్క్రిప్టు పక్షమే నాది. వెబ్ పేజీలో నిబంధనలు ఒక్కొక్కటే నొక్కి చూసే కన్ను అలసిపోతుంది. ఏపీఐ ద్వారా స్క్రిప్టు తెచ్చిన నిబంధనల ఫైలును నిన్నటి ఫైలుతో పోలిస్తే, కొత్తగా తెరుచుకున్న పోర్టు ఒక్క వరుసలో బయటపడుతుంది. కానీ స్క్రిప్టులో అభ్యర్థన పంపే కర్ల్ ఆదేశానికి ‘మైనస్ కె’ తగిలిస్తే సర్టిఫికెట్ తనిఖీ ఆగిపోతుంది. అవతల ఉన్నది మన ఫైర్‌వాలేనా అని ఇక ఎవరూ అడగరు. లోపలి నెట్‌వర్కే కదా అంటారు. లోపలికి చొరబడినవాడికి కావలసిందీ ఆ నమ్మకమే. సర్టిఫికెట్ సరిచూసినా, ఫైర్‌వాల్ నిర్వహణ తలుపులోనే లోపం ఉండవచ్చు. 2022 అక్టోబరులో ఫైర్‌వాల్ తయారీ సంస్థ ఫోర్టినెట్ తన ఉత్పత్తుల్లో వెల్లడించిన లోపంతో, ప్రత్యేకంగా అల్లిన వెబ్ అభ్యర్థన పంపి, పాస్‌వర్డు లేకుండానే నిర్వాహకుడి పనులు చేయగలిగారు. అటువంటి తలుపు ఇంటర్నెట్‌కు కనపడకుండా ఉంచడమే మొదటి జాగ్రత్త.

ఇన్ని కట్టుబాట్లతో పని సాగదనే మాటలో కొంత నిజం ఉంది. అయినా రోజూ నిబంధనలు చదివి వచ్చే స్క్రిప్టుకు మార్చే హక్కు దేనికి? చదివే అనుమతి, ఒక్క యంత్రం చిరునామా నుంచి మాత్రమే. దాని పని అంతే.