మూకుడు నలుపు

మా పెద్దమ్మాయి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.2 అని వచ్చింది. ఆ వారమంతా ఫోన్ చేసిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట: "ఇనప మూకుట్లో వండి పెట్టు, అదే వస్తుంది." డాక్టరుగారు మాత్రలు రాశారు, మాత్రలు మొదలుపెట్టాం. పిన్ని, ఆడపడుచు, కింది వాటా ఆవిడ, అందరూ అంతగా చెబుతుంటే సరే అనుకుని బజారుకి వెళ్ళి పోత ఇనప మూకుడొకటి తెచ్చాను. లోపలా బయటా కాటుక పూసినట్టు నిగనిగలాడుతోంది. "వెంటనే వాడుకోవచ్చమ్మా, రెడీగా ఉంది" అన్నాడు కొట్టతను.

ఇంటికొచ్చాక వేడినీళ్ళతో కడిగి తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది. రెండోసారి తుడిచినా నల్లగానే వచ్చింది. మా అమ్మాయి చూసి, "ఇదేనా అమ్మా నేను తినాల్సిన ఇనుము?" అంది. నవ్వులాటకే అన్నా, అడగాల్సిన ప్రశ్నే అది. మా అత్తయ్యగారి అట్ల పెనం వయసు నా పెళ్ళికంటే ఎక్కువ. అది కూడా నల్లగానే ఉంటుంది, కానీ ఎన్నిసార్లు తుడిచినా గుడ్డకి అంటదు. రెండూ ఇనుమే, రెండూ నలుపే. ఒకటి ఊడుతోంది, ఒకటి ఊడదు. అలాంటప్పుడు ఈ నలుపు ఏమిటో తెలియకుండా అందులో ఏదీ వండనన్నాను.

మాది విజయవాడ కాబట్టి ఇలాంటి సందేహాలకి ఆటోనగర్ ఉంది. మా వారికి తెలిసిన లేతు షెడ్డొకటుంటే ఇద్దరం మూకుడు పట్టుకుని వెళ్ళాం. అక్కడి కుర్రాడు ముందు దాన్ని వేలితో కొట్టి చూశాడు. స్టీలులా ఖంగున మోగకుండా టక్కుమని ఆగిపోయింది. తర్వాత అడుగుభాగాన్ని ఒక్క క్షణం గ్రైండింగ్ చక్రానికి ఆనించాడు. పొట్టి పొట్టి ఎర్రటి రవ్వలు రాలాయి. పక్కనే ఉన్న మామూలు ఇనప ఊచ ఆనించి చూపిస్తే రవ్వలు పొడుగ్గా, పసుప్పచ్చగా, తారాజువ్వలా ఎగిరాయి. "ఇది పోతదేనమ్మా, అందులో సందేహం లేదు" అన్నాడు. పోత ఇనుములో కార్బన్ నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ళ దాకా ఉంటుంది, మామూలు ఊచలో పావు పాలు కూడా ఉండదు. ఆ తేడా వల్లే రవ్వలు వేరుగా ఉంటాయట. పోతది వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. కాకపోతే పెళుసు, చేజారితే పగులుతుంది. కాగుతున్న పెనం మీద చన్నీళ్ళు పోసి చుయ్యిమనిపించకూడదని మా అత్తయ్యగారు ఎప్పుడూ అంటారు. ఆవిడ అరిష్టమంటారు గానీ, హఠాత్తుగా చల్లబడితే పోత ఇనుము చిట్లుతుందన్నది మాత్రం నిజం.

లోహం సంగతి తేలింది. ఇక నలుపు. ఆ అబ్బాయి పాత బనియన్ గుడ్డని థిన్నర్‌లో ముంచి మూకుడు లోపల గట్టిగా రుద్దాడు. గుడ్డ తారులా అయింది, మూకుట్లో బూడిదరంగు మచ్చ తేలింది. "రంగేనమ్మా. షెల్ఫులో తుప్పు పట్టకుండా కొట్టారు." నూనె కాగి ఏర్పడ్డ పొరైతే థిన్నర్‌కి కరగదు. మా అత్తయ్యగారి పెనం మీద అదే థిన్నర్ ఒక మూల రుద్దిచూస్తే గుడ్డ తెల్లగానే ఉండేది. ఆ ప్రయోగానికి ఆవిడ ఒప్పుకోరు, నేనూ అడగలేదు.

ఊడని ఆ పొర సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే దాన్ని మురికనుకుని తోమేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. పల్చగా రాసిన నూనె బాగా వేడెక్కినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పొరగా మారతాయి. ఆ తర్వాత అది నూనె కాదు, కడిగితే పోదు. పాత రోజుల్లో తలుపులకి అవిసె నూనె రాస్తే ఆరి గట్టిపడేది కదా, ఇదీ అలాంటిదే, వేడి వల్ల త్వరగా జరుగుతుంది. అందుకే పొద్దుతిరుగుడు నూనె, నువ్వుల నూనె బాగా పట్టుకుంటాయి. కొబ్బరి నూనె, నెయ్యి అంత బాగా గట్టిపడవు. అవిసె నూనె అన్నిటికంటే గట్టిగా బిగుస్తుంది గానీ కొన్నాళ్ళకి పెళ్ళలుగా రాలుతుంది.

ఇత్తడి గిన్నెలకి ఈ వీలు లేదు. వాటికి కళాయివాడు రావాలి, గిన్నె కాల్చి, నవసాగరం చల్లి, తగరం పూసి వెళ్ళాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకి ఎవరూ రానక్కర్లేదు, అందులో నూటికి పదిన్నర పాళ్ళకి తక్కువ కాకుండా ఉండే క్రోమియం గాలి తగలగానే కంటికి కనపడని పొర తనే వేసుకుంటుంది. పోత ఇనుము ఒక్కటే మన చేతి వంట తింటూ పూత పెంచుకునేది. నాకు ఈ సామాను మీద ఇష్టం దానివల్లే.

షెడ్డులో వైరు బ్రష్షు బిగించిన గ్రైండరుతో రంగంతా గీకించాం. కింద బూడిదరంగు లోహం బయటపడింది. ఇంటికి తెచ్చి సబ్బుతో కడిగి, ఫోన్ మోగితే రెండు మాటలు మాట్లాడి వచ్చేలోపు మూకుడంతా నారింజరంగు తిరిగింది. పూత లేని ఇనుము తడిగా ఉంటే అంతే, నిమిషాల పని. నిమ్మచెక్కా ఉప్పుతో రుద్ది, కడిగి, ఈసారి వెంటనే పొయ్యి మీద పెట్టి తడి ఆర్చాను.

అసలు తగువు అక్కడ మొదలైంది. అత్తయ్యగారు నూనె సీసా పట్టుకుని తయారుగా ఉన్నారు. నాలుగు రోజులు వరసగా నూనె రాసి కాల్చి, ఉల్లిపాయ సగం కోసి రుద్ది, తన పెనంలా నల్లగా నిగనిగలాడించాలని ఆవిడ పట్టుదల. నేను వద్దన్నాను. మూకుడు కొన్నది పిల్లకి ఇనుము అందుతుందని. కూరలోకి ఇనుము దిగాలంటే పులుపు నేరుగా లోహానికి తగలాలి. చింతపండు, గోంగూర, టమాటా లాంటివి లోహాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తాయి. మధ్యలో మంచి పూత ఉంటే ఆ పులుపుకి లోహం అందదు. అంటే పెనం ఎంత పదునెక్కితే అట్టు అంత చక్కగా లేస్తుంది, ఇనుము అంత తక్కువ దిగుతుంది. మా పిల్ల చిన్నప్పటి నుంచీ ఆ పెనం మీది అట్లే తింది. అయినా 9.2 ఎందుకొచ్చిందో దీంతో కొంత అర్థమైంది నాకు.

"అయితే ఇనప సామానులో వండితే మంచిదనడం ఉత్తిదేనా?" అన్నారు అత్తయ్యగారు కాస్త నొచ్చుకుని. ఉత్తిదేం కాదు. ఇథియోపియాలో చిన్నపిల్లల మీద ఏడాదిపాటు చూసిన అధ్యయనం 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అల్యూమినియం కుండల్లో వండినది తిన్న పిల్లలకంటే ఇనప కుండల్లో వండినది తిన్న పిల్లల హిమోగ్లోబిన్ బాగా పెరిగింది. మన దగ్గర 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. కాబట్టి మూకుడికి పని ఉంది. కానీ అది మాత్రకి బదులు కాదు. మా డాక్టరుగారు ఆ మాట గట్టిగానే చెప్పారు. అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దనీ, నిమ్మరసం లాంటి పులుపు తోడుగా ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుందనీ కూడా చెప్పారు. ఇంకొకటి, ఇంట్లో తలసీమియా ఉండి తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్ళుంటే వాళ్ళకి ఇనుము పేరుకోవడమే బాధ. అక్కడ ఈ మూకుడు సలహా ఇవ్వకండి.

చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. తుప్పు పట్టకుండా ఒక్కసారి పల్చగా నూనె పట్టించడం, అంతకుమించి పెంచకపోవడం. పల్చగా అంటే, రాసిన నూనెని పొడిగుడ్డతో అంతా తుడిచేయాలి, ఇక ఏమీ మిగల్లేదనిపించేదాకా. మిగిలిందే చాలు. మందంగా వదిలేస్తే గట్టిపడకుండా జిగటజిగటగా, దుమ్మంటుకునే బంకలా తయారవుతుంది. అది పెనానికైనా మూకుడికైనా ఒకటే. పొగ వచ్చేదాకా కాల్చి, చల్లారనిచ్చాం. కిటికీ తీసిపెట్టుకోండి, పొగ బాగానే వస్తుంది.

ఇప్పుడు అట్లు పెనం మీద, పులుసుకూరలు మూకుట్లో. వారంలో మూడు రోజులు అందులో వండుతున్నాను. పులుపు పడిన ప్రతిసారీ ఉన్న కాస్త పొరా లేచిపోయి అడుగు బూడిదరంగు తేలుతుంది. కడిగి, పొయ్యి మీద ఆర్చి, చుక్క నూనె రాస్తాం. ఆ పని అత్తయ్యగారు నాకు ఇవ్వరు. కూర దిగగానే స్టీలు గిన్నెలోకి తీసేయాలి, మూకుట్లోనే ఉంచితే సాయంత్రానికి నోటికి తుప్పు రుచి తగులుతుంది. వంకాయ, మునగాకు వండితే కూర నల్లబడుతుంది. వాటిలోని వగరుకి ఇనుము తగిలి వచ్చే రంగది, తినొచ్చు. మొన్న మునగాకు కూర చూసి మా అమ్మాయి మళ్ళీ మొహం ముడుచుకుంది. ఈసారి ఇది ఆ నలుపు కాదని చెప్పాను. నిమ్మకాయ పిండుకుని తింది. రెండోసారి మాత్రం వడ్డించుకోలేదు.