కహ్‌కషాఁకి క్యాప్షన్

ఉర్దూ మీడియంలో మా సైన్స్ కితాబులో గెలాక్సీ లేదు. కహ్‌కషాఁ ఉండేది. సితారా, సయ్యారా, కహ్‌కషాఁ అని ఉస్తాద్ చెబితే మేం ఒకే దమ్ములో తిరిగి అప్పజెప్పేవాళ్ళం. ఇంటర్ దాటి డిగ్రీలో తెలుగు తీసుకున్నాక పాలపుంత పరిచయమైంది. ఫారసీలో కాహ్ అంటే ఎండుగడ్డి, కషాన్ అంటే ఈడ్చుకుంటూ పోవడం. గడ్డి ఈడ్చుకెళ్తుంటే దారి పొడుగునా రాలిన పోచలన్నమాట. అరబ్బులూ దాన్ని గడ్డి మోసేవాళ్ళ బాట అన్నారు. గోదావరి జిల్లా దోస్తు ఒకడు పుంత అంటే ఏమిటో చెప్పినప్పుడు నాకు తెగ ఖుషీ అయింది. పొలాల మధ్య బండ్లూ పశువులూ పోయే బాటట! రెండు జబాన్లూ ఆకాశంలో బాటనే చూశాయి. ఒకదాంట్లో గడ్డి రాలింది, ఇంకోదాంట్లో పాలు ఒలికాయి.

మా చిన్నమ్మాయికి ఈ రెండు మాటలూ తెలియవు. ఇంగ్లిష్ మీడియం, ఎనిమిదో క్లాసు. తనకి గెలాక్సీ అంటే ముందు ఫోను, తర్వాత చాక్లెట్, ఆ తర్వాతే ఆకాశం. ఎండాకాలం సెలవుల్లో ఓ మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, "అబ్బూ, గెలాక్సీ బనానా హై" అంది. నేను పత్రికలో డెస్కు మీద పనిచేస్తాను కాబట్టి బొమ్మల సాఫ్ట్‌వేర్ల సంగతి కొంచెం తెలుసు. ఇంట్లో ఫొటోషాప్ లేదు, గింప్ ఉంది. అది ముఫ్త్. మా పాత ల్యాప్‌టాప్ దాన్ని తెరవడానికే ఓ చాయ్ తాగేంత సేపు తీసుకుంటుంది.

ఇలాంటివి ఎప్పుడూ చేయనివాళ్ళ కోసం చెబుతున్నా. ఆకాశాన్ని తయారు చేయడం చాలా ఆసాన్. ముందు ఓ ఖాళీ కాన్వాసు తీసుకుని నలుపుతో నింపాలి. దాని మీద నాయిస్ అనే ఫిల్టర్ వేస్తే తెరంతా ఇసుక చల్లినట్టవుతుంది. చిన్నప్పుడు దూరదర్శన్ ప్రసారం అయిపోయాక టీవీలో కనిపించే చుక్కలు గుర్తున్నాయా, అచ్చం అలాగే. ఇప్పుడు కాస్త బ్లర్ చేసి, లెవెల్స్ అనే డబ్బా తెరిచి, అందులో నల్లటి చిన్న మీటని కుడివైపు జరుపుతూ పోవాలి. మసక చుక్కలన్నీ ఒక్కొక్కటే చీకట్లో మునిగిపోతాయి. బాగా వెలిగేవే మిగులుతాయి. అవే సితారాలు. మా పిల్ల ఆ మీటని ముందుకీ వెనక్కీ జరుపుతూ పది నిమిషాలు ఆడుకుంది. "అబ్బూ, రాత్ హో రహీ హై, సుబహ్ హో రహీ హై" అంటూ.

ఆ చుక్కల పొరకే ఒక నకలు తీసి, రెట్టింపు సైజు చేసి, కొంచెం తిప్పి, స్క్రీన్ అనే మోడ్‌లో పైన పరిస్తే పెద్ద నక్షత్రాలు కూడా వచ్చేస్తాయి. ఇక అసలు పని. కొత్త పొర మీద మెత్తటి బ్రష్షుతో మధ్యలోంచి అడ్డంగా ఒక తెల్లటి పట్టీ గీశాం. దానిలో అక్కడక్కడా మబ్బుల ఫిల్టర్ కలిపాం. తర్వాత వర్ల్ అనే ఫిల్టర్. ఇది బొమ్మ నడుమ పట్టుకుని మెలితిప్పుతుంది. జిలేబీ చుట్టేవాడి చెయ్యి తిరిగినట్టు ఆ పట్టీ తిరిగి తిరిగి రెండు చేతులుగా సాగింది. ల్యాప్‌టాప్ ఫ్యాను రయ్యిమంది. మా పిల్ల ఊపిరి బిగబట్టింది. పర్స్‌పెక్టివ్ టూల్‌తో కొంచెం పక్కకి వాల్చగానే ఒక కహ్‌కషాఁ మా దస్తర్‌ఖాన్ మీద, మామిడి టెంకల పక్కన తయారై కూర్చుంది.

రంగుల దగ్గర బహస్ నడిచింది. తను నడిమధ్యకి నీలం, చేతులకి గులాబీ వేసింది. నిజానికి ఇలాంటి చుట్ల గెలాక్సీల్లో నడుమ ముసలి నక్షత్రాలెక్కువ, కాబట్టి పసుపుగా కనిపిస్తుంది. చేతుల్లో కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాలుంటాయి, అవి నీలంగా ఉంటాయి. ఎంత వేడో అంత నీలం. చెప్పాను. "మేరీ గెలాక్సీ హై నా, అబ్బూ" అంది. వాదన ఖతం. నాలుగైదు నక్షత్రాలకి మెరిసే కిరణాలు కూడా పెట్టింది, కొన్నింటికి నాలుగు, కొన్నింటికి ఆరు. కింద కుడి మూలన చిన్న తెల్లక్షరాల్లో తన పేరు రాసుకుంది. ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మాషాఅల్లాహ్‌లు, బొటనవేళ్ళు, ఒక మామూ నుంచి యాభై రూపాయల ఇనామ్. అక్కడితో అయిపోవాల్సింది.

ఐదో రోజు కర్నూలు నుంచి మా ఫుప్పూ అదే గ్రూపులో ఒక తస్వీర్ పెట్టింది. నీలం నడుమ, గులాబీ చేతులు. నాసా నిన్న రాత్రి తీసిన ఫొటో అట, పది మందికి పంపితే సవాబ్ అట. మూలన పేరు లేదు. కింది అంచు సాఫ్‌గా కోసేసి ఉంది. మన గ్రూపులోంచి బయటికెళ్ళి, ఎన్ని ఫోన్లు తిరిగిందో, ఫుప్పూ వాళ్ళ మొహల్లా ఆడవాళ్ళ గ్రూపు మీదుగా మళ్ళీ ఇంటికొచ్చింది. ఐదు రోజుల కింద దాన్నే చూసి మాషాఅల్లాహ్ అన్నవాళ్ళే ఇప్పుడు సుబ్‌హానల్లాహ్ అన్నారు. ఒక్కరూ గుర్తుపట్టలేదు. క్యాప్షన్ మారితే కళ్ళు కూడా మారిపోతాయని డెస్కు మీద ఎన్నిసార్లు చూశానో. పాత వరద ఫొటో కొత్త వరద కింద, ఏ దేశపు బాంబుదాడో ఇంకో దేశం పేరు మీద. కానీ మా ఇంట్లో తయారైన తస్వీర్ ఇలా తిరిగి రావడం ఇదే మొదటిసారి.

మా పిల్ల నవ్వుతుందనుకున్నాను. ఏడ్చింది. "నా పేరు ఎవరు కోశారు?" అని ఒకటే మాట. సర్దుకున్నాక ఇంకో సవాల్ వేసింది. అది నన్ను రెండు రోజులు వదల్లేదు. "నాసావాళ్ళు కూడా రంగులు ఫొటోషాప్‌లోనే వేస్తారంట కదా అబ్బూ. మరి వాళ్ళది సచ్, మాది ఝూట్ ఎలా అవుతుంది?"

తను అడిగింది సరైన మాటే. టెలిస్కోపు పంపే లెక్కల్ని ఫొటోషాప్‌లో తెరవడానికి వీలుగా 2004లో ఫిట్స్ లిబరేటర్ అనే ప్లగిన్‌ని ఖగోళ సంస్థలే విడుదల చేశాయి. జేమ్స్ వెబ్ చూసేది ఎక్కువగా మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని. దానికి ఎర్రటిదీ నీలిదీ మనుషులు కూర్చుని కేటాయిస్తారు. మన ఇళ్ళల్లో బాగా తిరిగిన ఇంకో తస్వీర్ సంగతి చెబుతాను. మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. ఎర్ర గులాబీలా విచ్చుకున్న ఆకాశం. కింద సూరె రహ్మాన్ ప్రస్తావన. అది పిల్లి కన్ను నెబ్యులా. ఒక నక్షత్రం చివరి రోజుల్లో తన పైపొరల్ని వదిలేస్తుంటే హబుల్ టెలిస్కోపు 1994లో తీసింది. ఆ బొమ్మలో హైడ్రోజన్‌కి ఎరుపు, ఆక్సిజన్‌కి నీలం, నైట్రోజన్‌కి ఆకుపచ్చ ఇచ్చారు. తమాషా ఏమిటంటే, ఆ ఫిల్టర్లు పట్టుకున్న మూడు వెలుగులూ నిజానికి ఎరుపే. కొద్ది తేడాతో మూడూ ఎరుపే కాబట్టి విడివిడిగా కనబడాలని వేరే రంగులిచ్చారు. ఆ సంగతి వాళ్ళు బొమ్మ కింద రాశారు కూడా. మన దాకా వచ్చేసరికి ఆ రాత పోయింది, గులాబీ మిగిలింది. ఆయత్ మాట్లాడేది ఖియామత్ రోజున ఆకాశం చీలడం గురించి. ఆ మాట సచ్ కావడానికి హబుల్ గవాహీ అక్కర్లేదని నా నమ్మకం. గవాహీ కావాలనుకుని రంగులేసిన బొమ్మని తెచ్చి నిలబెడితే, రేపు పిల్లలు రంగు సంగతి తెలుసుకున్న రోజున దేన్ని అనుమానిస్తారు? నా ఫిక్ర్ అది.

కాబట్టి మా పిల్లకి నేనిచ్చిన జవాబ్ ఇది. వాళ్ళ రంగు వెనక ఒక వెలుగు ఉంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరైనా మళ్ళీ వెళ్ళి కొలుచుకోవచ్చు. నీ రంగు వెనక నువ్వున్నావు. రెండూ తప్పు కాదు. తప్పు పేరు కోసినవాడిది.

నమ్మనట్టే చూసింది. అందుకే తన బొమ్మనే తెరిచి పరీక్ష పెట్టాం. హబుల్ ఫొటోల్లో పెద్ద నక్షత్రానికి నాలుగు కిరణాలుంటాయి. లోపల చిన్న అద్దాన్ని పట్టి ఉంచే నాలుగు కమ్మీల వల్ల అవి వస్తాయి. వెబ్ ఫొటోల్లో ఆరు పెద్దవి, రెండు చిన్నవి. నాలుగు కిరణాల నక్షత్రమూ ఆరు కిరణాల నక్షత్రమూ ఒకే ఫొటోలో పక్కపక్కన ఉన్నాయంటే అది ఏ ఒక్క టెలిస్కోపూ తీసింది కాదు. పైగా ఎడమవైపు మూడు చుక్కల గుంపు కుడివైపు కూడా ఉంది, తను స్టాంప్ టూల్‌తో నకలు తీసింది మరి. మన కహ్‌కషాఁని బయటి నుంచి తీసినట్టు కనిపించే ఏ బొమ్మ అయినా గీసిందే. మనం దాని లోపలే ఉన్నాం. ఒక కొస నుంచి ఇంకో కొసకి వెలుగు పోవడానికే లక్ష ఏళ్ళు పడుతుంది. 1977లో బయల్దేరిన వాయేజర్ ఇప్పటికి పోయిన దూరం, వెలుగు అటూ ఇటూగా ఒక్క రోజులో పోయేంత. ఇంటి లోపల కూర్చుని ఇంటి కప్పుకి పైనుంచి ఫొటో తీయగలమా?

పెద్దవాళ్ళూ పడతారు, పెద్ద చదువులవాళ్ళు కూడా. 2022లో ఎతియెన్ క్లైన్ అనే ఫ్రెంచ్ సైన్సుదాను సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రాన్ని వెబ్ తీసిన ఫొటో అంటూ ట్విట్టర్‌లో ఒకటి పెట్టాడు. నల్లటి నేపథ్యంలో ఎర్రటి గుండ్రటి ముక్క. జనం వాహ్వా అన్నారు. తర్వాత అది చొరీజో అనే సాసేజ్ ముక్క అని చెప్పి మాఫీ అడిగాడు. పంది మాంసంతో చేసేది. ఫుప్పూకి ఈ కిస్సా చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి, వద్దనుకున్నాను.

ఇంకొకాయన గురించి మాత్రం చెప్పాను. అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ. వెయ్యేళ్ళ కిందటి మనిషి. 964లో నక్షత్రాల తస్వీర్ల మీద కితాబు రాశాడు. ఆండ్రొమెడా గెలాక్సీని చిన్న మబ్బుతునక లాంటిదని ముందుగా కాగితం మీద పెట్టింది ఆయనే. మన కళ్ళతో చూడగలిగే ఆ మసక మరక పాతిక లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. టెలిస్కోపు లేదు, పుట్టడానికింకా ఆరువందల ఏళ్ళుంది. నాకు ఆయనలో ముచ్చటైనది ఇంకొకటి. ప్రతి నక్షత్ర మండలాన్నీ రెండుసార్లు గీయించాడు. ఒకటి భూమ్మీంచి ఆకాశంలోకి చూస్తే కనిపించేది. రెండోది ఖగోళ గోళం మీద బయటి నుంచి చూస్తే కనిపించేది, అంటే అద్దంలోలా తిరగేసింది. గింప్‌లో ఒక్క నొక్కుతో అయ్యే ఫ్లిప్. ఏది ఏదో చదివేవాడికి తెలిసేట్టు పెట్టాడు. మనిషి, ఎలుగుబంటి, చేప, అన్నీ ఊహించి గీసిన రూపాలే. ఎవరూ ఆయన్ని ఝూటా అనలేదు.

హైదరాబాద్‌లోనూ ఈ పని జరిగింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో పెట్టిన రసద్‌గాహ్ 1908లో నిజాం సర్కారు చేతికి వచ్చింది. ఆకాశం మొత్తాన్ని దేశాలు పంచుకుని ఫొటోలు తీసిన పెద్ద పథకంలో మన వాటాకి వచ్చిన ముక్కని బేగంపేటలో అద్దపు పలకల మీద పట్టారు. అవి నెగటివ్‌లు, తెల్లటి ఆకాశంలో నల్లటి నక్షత్రాలు. కంటికి అంతకన్నా ఉల్టా బొమ్మ ఉండదు. కానీ ఏ రాత్రి, ఎటు తిప్పి, ఎంతసేపు తీశారో రాసి ఉంచారు కాబట్టి లెక్కకి అవే సచ్.

ఫుప్పూకి గ్రూపులో జవాబివ్వలేదు. డెబ్బై దాటిన మనిషిని నలుగురి ముందు సరిదిద్దడం మా ఇళ్ళల్లో అదబ్ కాదు. అలాగని నోరు మూసుకుంటే మా పిల్లకి నేను చెప్పిందంతా ఉత్తదే అవుతుంది. ఫోన్ చేశాను.

"ఫుప్పూ, వో తస్వీర్ కౌన్ భేజే ఆప్‌కో?"

"నాసావాలే భేజే నా బేటా."

"నాసావాలే ఆప్‌కో భేజే?"

కాసేపు మౌనం. తర్వాత నవ్వింది. మా అబ్బా నవ్వూ అలాగే ఉండేది. సంగతంతా చెప్పాను. "హమారీ బచ్చీ బనాయీ? ఏ సబ్?" అని మూడుసార్లు అడిగింది. ఎవరి మీదా కోపగించుకోలేదు. తనకి వచ్చిన గ్రూపులో వెంటనే గొంతు రికార్డు చేసి పెట్టింది. ఇది నాసాది కాదు, మా పోతీది, ఎవరో పేరు కోశారు, ఎవరెవరికి పంపారో వాళ్ళందరికీ చెప్పండి అని. దానికి ఆ గ్రూపులో ఒకావిడ ఇచ్చిన జవాబ్ మాకు వినిపించింది: "నై ఆపా, నాసా కీచ్ హై. మేరే బేటే కో జిద్దా మే భీ ఆయీ."

మా పిల్ల ఇప్పుడు రెండోది చేస్తోంది. ఈసారి నడుమ పసుపు, చేతులు నీలం, కిరణాలన్నీ నాలుగే. పేరు మూలన పెట్టలేదు. మెలి తిప్పకముందే ఆ తెల్లపట్టీలో కలిపి రాసింది, వర్ల్ ఫిల్టర్ తిప్పాక అక్షరాలు గెలాక్సీ చేతుల్లోకి సాగిపోయాయి. కొయ్యాలంటే మొత్తం కొయ్యాల్సిందే. పైన ఉర్దూలో కహ్‌కషాఁ అని కూడా రాయాలంది. కాగితం మీద రాసిచ్చాను. దాన్ని చూసి గీస్తూ చివరి నూన్‌లో చుక్క బదులు ఒక మెరిసే నక్షత్రం పెట్టింది.

"అక్కడ చుక్క ఉండదమ్మా, అది నూన్ గున్నా."

"చుక్క లేని నూనా? మరి ఈ సితారా ఎక్కడ పెట్టను?"

షీన్ మీద మూడు ఖాళీగా ఉన్నాయని చూపించాను.