పాలలెక్కయు, మా యమ్మాయి చదువును

గత శ్రావణమాసమున మా యమ్మాయి ఇంజనీరింగు కళాశాలయందు కంప్యూటరు శాఖలో చేరినది. రుసుము కట్టుట, బస్సు కుదుర్చుట మొదలగు పనులన్నియు నాలుగు దినములలో తీరినవి. తీరనిది ఒక్కటే. కంప్యూటరునకు పని చెప్పుటకు భాషలు పెక్కు కలవట. వానిలో మొదట దేనిని నేర్వవలయును? ఈ ప్రశ్న మా యింట నెలదినములు ఎవరిని సుఖముగా అన్నము తిననిచ్చినది కాదు.

తెలియని సోదరీమణులకొరకు ఒక్క మాట. ఆ యంత్రమునకు ఒకట్లు, సున్నలు తప్ప వేరేమియు తెలియవు. మనము వ్రాసిన వాక్యములను ఆ యంకెలలోనికి మార్చుటకు నడుమ ఒక దుబాసీ కావలెను. ఆ దుబాసీ పనిని యంత్రముచేతనే చేయింపవచ్చునని 1952 ప్రాంతమున చూపినవారిలో ముఖ్యురాలు అమెరికా దేశపు గ్రేస్ హాపర్ అను విదుషీమణి. ఈ సంగతి మా యమ్మాయి చెప్పినప్పుడు నేను చేతిలోని గరిటెను క్రింద పెట్టి, మరల చెప్పుమంటిని.

సలహాలకేమి కొదువ? డాలసులోనున్న మా తమ్ముడు ఫోనుచేసి, "అక్కయ్యా, జావా నేర్పించుము. నాకు అన్నము పెట్టినది అదియే" అనెను. ఎదురింటి పిల్లవాడు పైథాన్ తప్ప తక్కినవన్నియు ముసలివైనవనెను. కళాశాలవారు మొదటి ఆరుమాసములు సీ భాషనే చెప్పుదురు. పట్టణములోని ఒక శిక్షణాలయమువారు మూడు మాసములలో నాలుగు భాషలు నేర్పెదము, ముప్పదియైదు వేలు తెండనిరి. పదవ తరగతి వరకు తెలుగున చదివిన పిల్ల. తరగతిలో తక్కినవారందరు తనకంటె ముందున్నారని రాత్రులు ఏడ్చుచుండెను. నేను నా గాజులను బ్యాంకులో కుదువపెట్టుటకు సిద్ధపడితిని.

అట్లు సిద్ధపడుటకు కారణము లేకపోలేదు. 1996లో మా తండ్రిగారు మా తమ్ముని గుంటూరునకు కంప్యూటరు చదువునకు పంపిరి. లెక్కలలో నాకే మార్కులు ఎక్కువ. అయినను రెండు రుసుములు కట్టు శక్తి లేదనిరి. నేను వారిని నిందింపను గాని, ఆ సంవత్సరపు మార్కుల కాగితమును నేటికిని పారవేయలేదు.

గాజులు తీయకముందే కళాశాలలోని ఉపాధ్యాయినిగారిని చూడబోతిని. ఆమె నవ్వి, "ఆ సొమ్ము మీయొద్దనే ఉంచుకొనుడమ్మా. ఏ భాషయైనను సరే, ఒక్కదానిని పట్టుకొని ఆరుమాసములు విడువకుండ ప్రతిదినము కొంచెము వ్రాయుమనుడు. మీ యింటి లెక్కయే వ్రాయుమనుడు" అనిరి.

మా యింటి లెక్క యనగా పాలలెక్క. ఉదయము రెండు, సాయంకాలము ఒకటి, వెరసి దినమునకు మూడు అరలీటర్లు. లీటరు 70 రూపాయలు. అమ్మాయి సీ భాషలో మూడును రెండుచేత భాగించి, ముప్పది దినములచేతను, డెబ్బదిచేతను హెచ్చవేయుమని వ్రాసినది. జవాబు 2,100 వచ్చినది. నేను పొయ్యి దగ్గరనుండియే, "కాదే, 3,150 కావలెను. పాలవానికి వేయియేబది ఎగవేయుదుమా?" అంటిని. అది నమ్మలేదు. ఆ లెక్కనే పైథాన్‌లో వ్రాసి చూచినది. 3,150 వచ్చినది!

చూచితివా, ఎదురింటి పిల్లవాడు చెప్పినదే మేలైనదంటిని. నిజమునకు పైథాన్ చూచుటకు ఎంతో సులభము. 1991లో గీడో వాన్ రోసమ్ అను డచ్చి దేశస్థుడు దానిని వెలువరించెను. ఆ పేరు కొండచిలువది కాదట. హాస్యనాటకములాడు ఒక బృందముది. అందులో పరిమాణముల పేర్లను మన తెలుగు లిపిలోనే పెట్టుకొనవచ్చును. "పాలు" అని వ్రాసినను అది ఒప్పుకొనును.

అమ్మాయి మాత్రము లాప్‌టాపు ముందునుండి లేవలేదు. "అమ్మా, ఆ అరలీటరు ఎక్కడికి పోయినది?" అని అడుగుచు పుస్తకములు తిరుగవేసినది. తుదకు దొరికినది. 1970ల తొలిరోజులలో డెనిస్ రిచీ రూపొందించిన ఈ సీ భాషలో పూర్ణాంకమును పూర్ణాంకముచేత భాగించినచో జవాబును పూర్ణాంకమే. మూడులో సగము ఒకటి. మిగిలిన అర మాట లేకుండ రాలిపోవును. మూడు ప్రక్కన చుక్కయు సున్నయు పెట్టి, అచ్చువేయు వాక్యములో ఒక గుర్తు మార్చగనే లెక్క సరిపోయినది. "అది నేను వ్రాసినదే చేసినదమ్మా. తప్పు నాదే" యని, నెలదినముల తరువాత మొదటిసారి నవ్వినది. ఆ రాత్రియే సీ భాషను విడువనని నిశ్చయించుకొన్నది. పైథాన్ వచ్చే సంవత్సరమునకట.

నా మట్టుకు నేనైతే సులభమైనదే మొదట నేర్చుకొందును. నేర్చుకొనుచునే యున్నాను. వంటయిల్లు కడిగిన పిమ్మట పది గంటలకు అరగంటసేపు కూర్చుండి, "పాలు", "దినములు", "ధర" అని తెలుగు పేర్లు పెట్టి పైథాన్‌లో వ్రాయుచున్నాను. తక్కిన మాటలు ఆంగ్లమున వ్రాయక తప్పదు. అక్షరములు వెదకుటకే సగము కాలము పోవుచున్నది. ప్రతినెల మొదటితేదీన అమ్మాయి సీ లెక్కను, నా లెక్కను సరిచూచుకొందుము. ఈ నెల మా రెండింటికిని 105 రూపాయలు తేడా వచ్చినది. దోషము ఏ భాషదియు కాదు. పాలవాడు రాని దినమొకటి నేను వ్రాయ మరచితిని.