మేనరికానికి చోటు లేని జాబితా

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ స్కానింగ్ సెంటర్‌లోకి వెళ్ళినా గోడ మీద ఒక బోర్డు ఉండాల్సిందే: కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరమని. దాని వెనకున్న చట్టం 1994 నాటిది, 2003లో సవరణ అమల్లోకొచ్చింది. ఆ నిషేధం ఉండి తీరాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు వెయ్యిమంది మగపిల్లలకి ఆడపిల్లలు 2001లో 961 మంది ఉంటే, 2011కి 939కి పడిపోయారు. దాంతో నాకు పేచీ లేదు.

పేచీ అంతా బోర్డు మీద కనపడని భాగంతో. ఉమ్మనీరు తీసి బిడ్డ జన్యువుల్ని పరీక్షించాలంటే, అది ఎవరికి చెయ్యొచ్చో అదే చట్టంలో ఒక జాబితా ఉంది. తల్లి వయసు 35 దాటాలి, లేదా రెండుసార్లు గర్భం పోయుండాలి, లేదా హాని చేసే మందులో రేడియేషనో ఇన్‌ఫెక్షనో తగిలుండాలి, లేదా కుటుంబంలో జన్యు వ్యాధి ఉండాలి. మేనరికం మాటే లేదు!

మేనమామకో బావకో ఇచ్చి చెయ్యడం మన ఇళ్ళల్లో ఎంత మామూలో వేరే చెప్పక్కర్లేదు. ఒకే తాత నుంచి ఒకే లోపం ఇద్దరికీ రావచ్చు. 35 ఏళ్ళ తల్లికి డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం సుమారు 350లో ఒకటి. భార్యాభర్తలిద్దరూ తలసీమియా వాహకులైతే బిడ్డకి ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగులో ఒకటి. వాహకులు మామూలుగానే ఉంటారు కాబట్టి ఇంట్లో ఎవరికీ జబ్బు బయటపడి ఉండకపోవచ్చు.

"డాక్టరుగారు అర్థం చేసుకుని ఏదో ఒకటి రాస్తార్లే" అంటారా? ఈ పరీక్ష స్కాన్ చూస్తూ చెయ్యాలి. స్కాన్ రికార్డులో లోపముంటే అదే నేరం కింద లెక్క, కాదని డాక్టరే నిరూపించుకోవాలి. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. ఇక ధైర్యం ఎవరు చేస్తారు?

చిత్రమేంటంటే, 2021లో గర్భస్రావం చట్టం సవరించి, తీవ్ర లోపముందని మెడికల్ బోర్డు తేలిస్తే 24 వారాల తర్వాత కూడా ఒప్పుకుంటున్నారు. ముందే తెలుసుకోడానికేమో ఇన్ని షరతులు!

దీనికి పార్లమెంటు దాకా వెళ్ళక్కర్లేదు. జాబితా చివర, కేంద్ర పర్యవేక్షక బోర్డు నిర్ణయించే ఇతర పరిస్థితులు అని చోటు వదిలారు. మా భాషలో చెప్పాలంటే కోడ్ మార్చే పని లేదు, కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైను చేర్చాలి: మేనరికం, వాహకులైన దంపతులు. ఆ వంకతో ఆడపిల్లల్ని ఏరేస్తారని కొందరి భయం. లింగం చెప్పడం అప్పుడూ నేరమే కదా!

ఎల్బీనగర్ నుంచి రింగ్ రోడ్డు పట్టుకుంటే ఉప్పల్‌లోనే సీడీఎఫ్‌డీ ఉంది, జన్యు పరీక్షలకి దేశమంతటా పేరున్న సంస్థ. సైన్సు పక్క వీధిలోకొచ్చింది, జాబితా మాత్రం 1994లోనే ఆగిపోయింది. మీరేమంటారు?