కూలిడబ్బూ, విడాకులూ

“ఆడవాళ్ళు సంపాదించడం మొదలైనప్పటినుండే కాపురాలు కూలుతున్నాయి” అనే మాట మా ఊరి రచ్చకట్టమీద తరచు వినబడుతుంటుంది. అనేవారిలో నా యీడువారే ఎక్కువ. తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి గనుక నా దృష్టి ముందుగా మాటమీదికే పోతుంది. విడు, ఆకు: వదలుకొన్నట్లు వ్రాసి యిచ్చిన తాటాకు అని నేను అన్వయించుకొంటాను. అదే నిజమైతే ఆడవాళ్ళ ఉద్యోగాలకంటె విడాకులే ముందు పుట్టినవి గదా!

మెట్టసేద్యపు సీమ మాది. ఇక్కడ పలు కులాలలో పూర్వం ఓలి యిచ్చి పిల్లను తెచ్చుకొనేవారు. కలుపు తీసే చేతులకు, కోత కోసే చేతులకు కట్టిన వెల అది. అటువంటి కులాలలోనే పెద్దమనుషుల యెదుట తెగతెంపులూ, ఆపైన మారుమనువూ ఉండేవి. స్త్రీ పొలంలో దిగని ఇండ్లలో సాధారణంగా ఆ రెండూ లేవు. 1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షను సైతం ఆచారపు విడాకులను కాదనలేదు. కనుక సంపాదనకూ విడాకులకూ సంబంధం లేదని నేననను. ఉన్నది, అయితే అది నిన్నమొన్నటిది కాదు.

ఓలి పోయి కట్నం వచ్చింది. విడిపోవడం మాత్రం ఆగలేదు, కాగితం లేకుండా సాగింది. 2011 జనాభా లెక్కలలో విడాకులు పొందినవారికంటె, అవి లేకుండానే విడిగా బ్రతుకుతున్నవారు రెండున్నర రెట్లకు పైగా తేలారు. కరవునాట దీని రూపం మాకు తెలియనిది కాదు. బుడ్డల పంట ఎండిన ఏడు మగవాడు బెంగుళూరుకు పనికి పోతాడు. కొన్నాళ్ళు డబ్బు పంపుతాడు, కొన్నాళ్ళు కబురు, పిదప ఏమీ లేదు. బిడ్డను బడిలో చేర్చేటప్పుడు తండ్రిపేరు అడిగితే ఆ తల్లులు ఒక్క క్షణం ఆగి చెప్పేవారు.

2006 ఫిబ్రవరి 2న మా జిల్లా బండ్లపల్లిలోనే ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. ఆడామగా తేడా లేని కూలి, తట్ట మోసినామె పేరనే ఖాతా. నేను చూచినంతలో ఆ డబ్బుతో ఎవ్వరూ కోర్టుకు పరుగెత్తలేదు. నా శిష్యుని తల్లి ఒకామె మాత్రం, ఏడేళ్ళకు తిరిగివచ్చిన భర్తకు వాకిటనే చెంబుతో నీళ్ళిచ్చి, “తాగి పో” అన్నదట.

ఈ మధ్య పూర్వవిద్యార్థిని ఒకతె ఫోను చేసింది. తానూ పంతులమ్మే. “జీతముంది కాబట్టే తెగించినానంటున్నారు సార్ మా అత్తవాళ్ళు. నిజమేనా?” అని అడిగింది.

“నిజమేనమ్మా. జీతం లేకుంటే ఆ దెబ్బలు ఇంకా తింటూ ఉండేదానివి” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తరువాత వాయిదా తేదీ చెప్పి, కోర్టుదాకా తోడు రాగలరా అని అడిగింది. వస్తానన్నాను.