కార్ నికోబారులో ఒక ఆదివారం

2004 డిసెంబరు 26 నాటి సునామీ కార్ నికోబారు తీరగ్రామాలను తుడిచిపెట్టింది. మరుసటి ఏడాది సర్వే నిమిత్తం అక్కడికి వెళ్ళాను. ఆదివారం పనికి ఒక్కరూ రాలేదు. విసుగుతో వెదకబోగా, రేకుల షెడ్డులో ఆరాధన జరుగుతున్నది. వారి చేతుల్లో నికోబారీ భాషలోని కొత్త నిబంధన. దానిని అనువదించిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ జపానువారి ఆక్రమణ కాలంలో (1942-45) చెర అనుభవించిన మనిషి.

భార్యాబిడ్డలను కోల్పోయిన ఒక వృద్ధుణ్ణి, "దేవునిపై కోపం రాలేదా?" అని హిందీలో అడిగాను.

"వచ్చింది. అదీ ఆయనకే చెప్పుకుంటున్నాను" అన్నాడు.

మా పెద్దబ్బాయి కన్నుమూసిన నాటినుండి నేను చర్చి గుమ్మం తొక్కలేదు. అడగవలసినది ఎవరినో అప్పటిదాకా నాకు తోచలేదు. చెప్పులు విడిచి వెనుక వరుసలో కూర్చున్నాను.

సోమవారం సర్వే మొదలైంది. టేపు రెండవ కొస పట్టుకున్నది ఆ వృద్ధుడే.